పన్నెండు బొమ్మల పండగ

పుష్యమాసంలో మా కోనసీమ నూతినీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. తెల్లవారుజామున చేద పైకి రాగానే నీళ్ళ మీద పల్చగా ఆవిరి లేస్తుంది. చలికి వణుకుతూ స్నానానికి వచ్చేవాళ్ళకు అది హాయి. నాకు ఆ వెచ్చదనమే చిక్కుగా ఉండేది. ఫిల్మ్ కడగడానికి ఇరవై డిగ్రీల నీళ్ళు కావాలి, నూతిలో అవి దొరకవు. అందుకని భోగికి నాలుగు రోజుల ముందే కొత్త కుండ ఒకటి తెచ్చి, నీళ్ళు పోసి, తడిగుడ్డ చుట్టి, రాత్రంతా దొడ్లో అరుగు మీద మంచులో ఉంచేవాణ్ణి. కుండ చెమరుస్తూ, గాలికి ఆరుతూ తెల్లారేసరికి నీళ్ళు చల్లబడేవి. హైస్కూలు సైన్సు మాస్టారు నా మీద నమ్మకంతో సెలవులకు ఇచ్చిన థర్మామీటరు అందులో ముంచితే పాదరసం ఇరవై దగ్గర నిలబడేది. ఆ గీత చూశాక గాని నాకు పండగ వచ్చినట్టు ఉండేది కాదు.

వేసవి సెలవులు రెండు నెలలు. తీరికంతా అప్పుడే. కానీ మే నెలలో కుండనీళ్ళు కూడా ముప్పయ్యికి దగ్గరగా ఉండేవి. ఒకసారి పంతం కొద్దీ ఆ నీళ్ళలోనే కడిగాను. ఫిల్మ్ మీది జిలెటిన్ పొర అంచుల్లో ఉబ్బి, పాల మీది మీగడలా ముడతలు పడి, వేలు తగలగానే జారిపోయింది. అక్క నిశ్చితార్థం నాటి బొమ్మలవి. ఆ రోజు ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. దసరాకు చూస్తే ఉక్కపోత, తుపాను మబ్బులు. ఎటు తిరిగినా మిగిలేవి సంక్రాంతి సెలవులే. ఏడాది మొత్తానికి పది రోజులు. నా ఫొటోగ్రఫీ అంతా ఆ పది రోజుల ముక్కల్లోనే జరిగింది.

కెమెరా ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారయ్యేది. అక్కడ ఉద్యోగం చేసే మా చిన్న మేనమామ 1977లో పండక్కి వస్తూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నల్లటి పెట్టె, ముందు ఒకే ఒక్క గాజు బిళ్ళ. ఎండకొకటి, మబ్బుకొకటి గుర్తులు. షట్టరుకు ఒకటే వేగం, సెకనులో ముప్పయ్యో వంతుకు అటూ ఇటూగా. వెనకవైపు ఎర్రటి చిన్న కిటికీ, అందులోంచి రీలు కాగితం మీది అంకె కనిపించేది. బొమ్మ తీశాక పై అంకె వచ్చేదాకా మరను మనమే తిప్పుకోవాలి. రీలుకు పన్నెండు బొమ్మలు. ఒక్కొక్కటి రెండుంబావు అంగుళాల చదరం. ఆ కెమెరాను నేను ప్రాణంగా చూసుకున్నాను, ఇప్పటికీ అది నా బల్ల మీదే ఉంది.

రీళ్ళు అమలాపురం స్టూడియోలో దొరికేవి. ఎక్కువగా ‘ఇందు’ కొనేవాణ్ణి. నీలగిరుల్లో ఊటీ దగ్గర హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కర్మాగారం ఉండేది. 1967లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. మన దేశంలోనే తయారైన ఫిల్మ్, దానికి చంద్రుడి పేరు. ఆ పేరంటే నాకు చెప్పలేనంత ఇష్టం. అట్టపెట్టెలు కూడా పారెయ్యకుండా దాచుకునేవాణ్ణి.

రీలు డబ్బులు నాన్నవి. కాబట్టి పన్నెండు బొమ్మల పంపకం కూడా నాన్నదే. అక్కా బావగారూ జంటగా ఒకటి, బావగారు విడిగా ఒకటి. పిన్ని కొడుక్కి భోగిపళ్ళు పోసేటప్పుడు ఒకటి. కనుమనాడు కొమ్ములకు రంగులేసిన ఎడ్లజత ఒకటి. పక్కింటి బాబాయి మద్రాసులో ఉన్న కొడుక్కి పంపడానికి నిలువుటద్దంలా నిటారుగా నిలబడి ఒకటి. ఇలా పంచుకుంటూ పోతే చివరకు నా చేతికి మూడో నాలుగో మిగిలేవి. ఆ నాలుగింటి మీద ఏడాదంతా కాకినాడ కాలేజీ హాస్టల్లో కూర్చుని కలలు కనేవాణ్ణి. నోటుబుక్కు వెనక పేజీల్లో చదరాలు గీసి, ఏ బొమ్మ ఎక్కడ నిలబడి తియ్యాలో, సూర్యుడు ఎటుండాలో రాసుకునేవాణ్ణి. ఊరికి వచ్చాక ఆ చదరాల్లో ఒక్కటీ అనుకున్నట్టు కుదిరేది కాదు.

కుదరని వాటిలో మొదటిది ముగ్గు.

కనుమ వెళ్ళాక మా వీధిలో రథం ముగ్గులు వేసేవారు. ప్రతి వాకిట్లో ఒక రథం. దాని పగ్గాన్ని పక్కింటి రథం దాకా గీసి కలిపేవారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పిండితో గీసిన ఒకటే తాడు. దాన్ని మొత్తంగా పట్టుకోవాలని నా ఆశ. ఒక్క చదరంలో పట్టదు కదా. వరసగా ఐదు బొమ్మలు తీసి, అచ్చు వేసి, అట్ట మీద పక్కపక్కన అతికిస్తే వీధంతా వస్తుందని లెక్క వేశాను. నాన్నను బతిమాలి రెండో రీలు కొనిపించుకున్నాను. పాలేరు నిచ్చెన పట్టుకుంటే ఇంటింటి గోడకూ ఎక్కి దిగుతూ తీశాను. పొద్దున్నే మంచు, వెలుతురు చాలలేదు. మంచు విడిచేసరికి ఎండ నడినెత్తికొచ్చి పేడ అలికిన నేలా, పిండి గీతా ఒకదాన్నొకటి మింగేశాయి. మూడో ఇంటి ముందు ఆవు నడిచింది. అచ్చులు అతికించి చూస్తే ఏ రెండు ముక్కల మధ్యా తాడు కలవలేదు. నేను నిలబడ్డ ఎత్తు మారింది, దూరం మారింది. నాలుగు చోట్ల తెగిన తాడుతో ఆ అట్ట చాలా ఏళ్ళు మా సావిట్లో ఉంది. అమ్మ దాన్ని చూసి, “మా చేతికి నిచ్చెన అక్కర్లేదురా, వంగి గీస్తే అదే కలుస్తుంది” అంది. ఆవిడ మామూలుగానే అంది. నాకది బొమ్మలు తీసేవాడికి చెప్పిన పాఠంలా ఇప్పటికీ వినబడుతుంది.

రెండోది హరిదాసు. ధనుర్మాసం నెలంతా తెల్లవారకముందే వచ్చేవాడు. తల మీద రాగి అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్ళకు గజ్జెలు. ఇంటికి తిరిగి వెళ్ళేదాకా ఆ పాత్ర దించడు, దారిలో ఎవరితోనూ మాట్లాడడు, ఆగమంటే ఆగడు. ఆయన్ను నిలబడమని అడగడం తప్పని నాకూ తెలుసు. అందుకని ఎదురుగా వెనక్కి నడుస్తూ తీశాను. రెండేళ్ళలో నాలుగు బొమ్మలు. నాలుగింటిలోనూ గోడలు స్పష్టంగా ఉన్నాయి, దాసు మాత్రం పొగ. ముప్పయ్యో వంతు సెకను మనకు రెప్పపాటే. నడిచే మనిషి కాలికి అది చాలా ఎక్కువ.

దాసు ఆగే క్షణం ఒకటుందని నాకు చెప్పింది మా నాయనమ్మ. కెమెరా గురించి ఆవిడకు ఏమీ తెలియదు. నేను చెరిగిన అచ్చును చూసి విసుక్కుంటుంటే అరుగు మీంచి అంది, “దాసు ఎక్కడాగుతాడో చూశావుట్రా అబ్బాయ్? పిల్లలు బియ్యం వెయ్యడానికొస్తే పాత్ర తొణక్కుండా మోకాలు వంచుతాడు. గింజలు పడ్డదాకా కదలడు.” మర్నాడు మా వాకిట్లోనే, పిన్నికొడుకు దోసిలెత్తి బియ్యం వేస్తుండగా తీశాను. చిడత అంచు దగ్గర్నుంచీ స్పష్టంగా వచ్చింది. ఆ రెండు క్షణాల ఆగడాన్ని ఆవిడ ఎన్ని ఏళ్ళుగా చూస్తూ ఉందో.

నాయనమ్మను నేను ఎప్పుడూ ఫొటో తియ్యలేదు. తీస్తానంటే ఒప్పుకునేది కాదు. ఫొటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఒక మాట చెప్పేది గాని, అసలు కారణం అది కాదు. తాతయ్య పోయిన నాటి నుంచీ శుభమన్న ప్రతి చోటా ఆవిడ వెనక్కి జరిగింది. పెళ్ళిలో వెనక, పేరంటంలో లోపల, భోగిమంట దగ్గర దూరంగా అరుగు మీద. కెమెరా ముందుకు అందరూ నవ్వుతూ వచ్చేవేళకు ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం మాకెవరికీ వింతగా అనిపించేది కాదు. అది అన్యాయమని ఒక్కరం కూడా నోరు తెరిచి అనలేదు. నేనూ అనలేదు.

కానీ నా చీకటి గదిలో మాత్రం నాకు తోడు ఆవిడే.

చీకటి గది అంటే మా కొట్టుగది. కిటికీ లేని గది అదొక్కటే. కొబ్బరికాయలు, పసుపు కొమ్ములు, పాత గోనెలు. గుమ్మం కింద గోనెసంచి మడిచి దోపి, ఎలుక బొరియలో గుడ్డ కుక్కి, తలుపు సందులకు లోపలి నుంచి దుప్పటి వేలాడదీసేవాణ్ణి. అచ్చులు వేసేటప్పుడు ఎర్రదీపం పెట్టుకోవచ్చు, కాగితానికి ఎరుపు పట్టదు. ఫిల్మ్‌కు ఆ ఎరుపు కూడా పనికిరాదు. కటిక చీకటి కావాలి.

మందులు నేనే కలుపుకునేవాణ్ణి. కాకినాడలో పొట్లాలుగా కొనేవాణ్ణి. డి-76 అనే మందుకు లెక్క ఇది: లీటరు నీళ్ళకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. వంద గ్రాములు కిరాణా కొట్లోనైనా తూస్తారు. రెండు గ్రాములు తూచేది ఎవరు? మా ఊళ్ళో బంగారం పనిచేసే ఆచారిగారి దగ్గరే అంత సన్నని తాసు ఉండేది. గాజు తలుపుల చిన్న పెట్టె, ఊపిరి తగిలితే కదిలే సిబ్బెలు. ఆయన కాగితం ముక్క వేసి దాని బరువు మినహాయించి, చిమటాతో పలుకు పలుకు వేస్తూ తూచేవారు. పండగ ముందు ఆయనకు చేతి నిండా పని, అయినా నన్ను ఒక్కసారీ పొమ్మనలేదు. ఆయనకు ఒకటే కుతూహలం. ఫొటోలో నలుపంతా వెండే అని నేను చెప్పిన రోజు ఆయన పని ఆపేశారు. “వెండి తెల్లగా కదా బాబూ మెరిసేది?” అన్నారు. మరీ సన్నని రేణువులైతే మెరవదని, నల్లగా కనబడుతుందని చెప్పాను. వెలుతురు తగిలిన చోట వెండి నిలుస్తుంది, తగలని చోటి వెండి ఉప్పును హైపో కరిగించి తీసుకుపోతుంది. ఆయన చాలాసేపు ఆలోచించి, “అంటే మీ బొమ్మ మా పనేనన్నమాట” అన్నారు. ఆ మాటకు నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది.

ఫిల్మ్ కడగడానికి నా దగ్గర మూత ఉన్న డబ్బా లేదు. పింగాణీ తొట్టెలో మందు పోసి, రీలు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, కవ్వం తాడు లాగినట్టు ఒకసారి ఈ చేయి పైకి, ఒకసారి ఆ చేయి పైకి. చీకట్లో ఎనిమిది నిమిషాలు ఆపకుండా. తొందరపడితే బొమ్మ పల్చన, ఆలస్యమైతే మసి. మరి చీకట్లో గడియారం చూసేదెలా? ముల్లుకు వెలుగు పూత ఉన్న చేతిగడియారం నాకు లేదు. బయట కూర్చుని నిమిషాలు చెప్పమంటే తమ్ముడు మధ్యలో గాలిపటం వెనక పరిగెత్తేవాడు.

నాయనమ్మకు గడియారం చదవడం రాదు. పోతన భాగవతం అష్టమస్కంధంలోని గజేంద్రమోక్షం మాత్రం మొదటి నుంచి చివర దాకా నోటికి వచ్చు. రాగం తీసి, ఎక్కడా తొందర లేకుండా చదివేది. ఒక రోజు నాన్న గడియారం పక్కన పెట్టుకుని లెక్క చూశాను. ఒక్కో పద్యానికి అర నిమిషం. మర్నాడు చూసినా అంతే. పదహారు పద్యాలంటే ఎనిమిది నిమిషాలు. ఇక అప్పటి నుంచి కొట్టుగది గుమ్మం బయట పీట వేసుకుని ఆవిడ కూర్చునేది. లోపల నేను కొసలు పట్టుకుని “నాయనమ్మా, కానీ” అనేవాణ్ణి. మొదటి పద్యం ఎత్తుకునేది. తలుపు సందులో వెలుతురు రాకూడదు గాని గొంతు రావచ్చు కదా. మందు వాసన, తడి ఫిల్మ్ చప్పుడు, ఆవిడ పద్యం. పదహారోది ముగియగానే “అయిందిరా నాన్నా” అనేది. హైపోలోకి వేసేవాణ్ణి. ఆ ఏళ్ళలో నా నెగటివులు ఎంత సమంగా ఉండేవంటే స్టూడియో పెద్దాయన ఒకసారి వెలుతురుకు పట్టి చూసి, “టైమర్ కొన్నావా బాబూ?” అని అడిగాడు.

మూడోది భోగిమంట. అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఇదే. 1980 నుంచి వరసగా మూడేళ్ళు ప్రయత్నించాను. తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంటి ముందు మంట. పాత దూలాలు, కొబ్బరి మట్టలు, పిల్లల పిడకల దండలు. మంటను తియ్యవచ్చు, అది తెల్లటి మచ్చగా పడుతుంది. నాకు కావలసింది మంట కాదు, మంట వెలుగులో మనుషులు. వాళ్ళు రావాలంటే షట్టరు సెకనో రెండు సెకన్లో తెరుచుకుని ఉండాలి. నా కెమెరాకు ఆ ఏర్పాటు లేదు. మూడేళ్ళూ నల్లటి చదరం మధ్య తెల్లటి మచ్చ ఒక్కటే వచ్చింది.

దీనికి దారి స్టూడియో పెద్దాయన మాటల్లో దొరికింది. ఆయన తన దగ్గరున్న పుస్తకంలో రాజా దీన్ దయాళ్ తీసిన బొమ్మలు చూపించాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫరుగా ఉన్నవాడు. గాజు పలకల మీద తీసిన ఆ బొమ్మల్లో అందరూ కొయ్యల్లా నిలబడి ఉన్నారు. “అప్పుడు వెలుతురు కూడబెట్టేవాళ్ళు బాబూ. ఇప్పుడు దోచుకుంటున్నాం” అన్నాడాయన. కూడబెట్టడం. ఆ మాట పట్టుకుని బస్సులో ఇంటికి వస్తుంటే తోచింది. నా కెమెరాలో మర తిప్పకపోతే అదే చదరం మీద మళ్ళీ మళ్ళీ నొక్కవచ్చు. ఒక్కో నొక్కుకు ముప్పయ్యో వంతు. నలభై సార్లు నొక్కితే సెకను దాటుతుంది.

1983 భోగికి తూర్పు జర్మనీ వాళ్ళ ఓర్వో ఎన్‌పీ 27 రీలు ఒకటి కొన్నాను. 400 ఏఎస్‌ఏ, నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే చురుకైనది. దొడ్లోని పాత రుబ్బురోలును ముందు రాత్రే తమ్ముడూ నేనూ దొర్లించుకొచ్చి వాకిట్లో బోర్లించాం. దాని మీద కెమెరా పెట్టి అరటినారతో కదలకుండా కట్టాను. మంట బాగా లేచాక, ఎడమ చేత్తో కెమెరాను రాయికేసి అదిమిపట్టి కుడి బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాను. నలభై. అందరికీ ముందే చెప్పాను, దయచేసి కదలకండి అని. భోగిమంట దగ్గర కదలకుండా ఎవరుంటారు? పిల్లలు గెంతారు, బావగారు వీపు కాచుకోవడానికి ఇటు తిరిగారు, నాన్న మట్ట ఎగదోశారు. ఇరవై దాటేసరికే నాకు దుఃఖం వచ్చింది. అయినా నలభై దాకా నొక్కాను.

ఆ రీలులోనే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా ఉంది. మొసలపల్లిలోని ఆ తోటకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురు కట్టిన ఎత్తైన ప్రభలు, రంగు బట్టలు, గంటలు. మోసేవాళ్ళు పచ్చటి చేలల్లోంచే నడిచి వస్తారు, ఏ రైతూ కాదనడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక దాటి రావాలి. గుండెల్లోతు నీళ్ళలో, భుజాల మీద ప్రభ వంగకుండా, వందమంది ఒకే గొంతుతో కేకవేస్తూ. నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఎర్ర బట్టా, పచ్చ చేనూ ఒకే బూడిద రంగైపోతాయని పసుపు గ్లాసు కాగితం గాజుకు అడ్డంగా పట్టి మరీ ప్రయత్నించాను. అగ్రహారం ప్రభ నీళ్ళలో దిగేసరికి ఎర్ర కిటికీలో పన్నెండు దాటిపోయింది. ఆఖరి బొమ్మ అంతకు అర్ధగంట ముందే ఎవరో తెలియని పిల్లవాడు బూర ఊదుతూ, నన్ను తియ్యవా అని ప్రాధేయపడితే తీసేశాను. గట్టు మీద ఖాళీ కెమెరాతో నిలబడి ప్రభ దాటడం చూశాను. నేను తియ్యని బొమ్మల్లో నాకు అన్నిటికంటే స్పష్టంగా గుర్తున్నది అదే.

ఆ సాయంత్రం కొట్టుగదిలో ఆ రీలు కడిగాను. చురుకైన ఫిల్మ్‌కు వేళ ఎక్కువ కావాలి. “ఇవాళ ఇంకో ఆరు పద్యాలు ఎక్కువ చదవాలి నాయనమ్మా” అన్నాను. చదివింది.

మంట నెగటివు మర్నాడు పొద్దున ఆరింది. మంట ఎప్పటిలాగే మచ్చ. పిల్లలు పొగ. నాన్న ఒక భుజం, బావగారివి మూడు వీపులు. విసుగుతో పక్కన పెట్టబోతూ ఎడమవైపు చూశాను. అరుగు స్తంభానికి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, తల మీద కొంగుతో నాయనమ్మ. నలభై నొక్కుల్లోనూ కదలని మనిషి ఆవిడ ఒక్కతే. కెమెరా ఎటు తిరిగి ఉందో ఆవిడకు తెలియదు, ఆవిడ అక్కడుందని నాకు తెలియదు. పెసరగింజంత ముఖం. మంట వెలుగు ఒక చెంప మీద పడి ఉంది.

రెండు చిన్న అచ్చులు వేశాను. ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. రెండోది ఆచారిగారు అడిగారు, వెండి ఎలా నిలిచిందో చూసుకోవాలని. ఇచ్చాను. నాయనమ్మకు చూపించలేదు. కోప్పడుతుందని కాదు, సిగ్గుపడి ఆ అరుగు మీంచి కూడా లోపలికి వెళ్ళిపోతుందేమోనని.

1985 శ్రావణంలో ఆవిడ పోయింది. పదకొండో రోజుకు పటం కావాలి. నాన్న బీరువాలన్నీ వెతికారు. పెళ్ళిళ్ళ బొమ్మలు, తీర్థయాత్రల బొమ్మలు, ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. “మా అమ్మ ఫొటో ఒక్కటీ లేదట్రా మనింట్లో?” అని ఆయన నేల మీద కూలబడితే నేను నెగటివు తీసుకుని సైకిలు మీద అమలాపురం వెళ్ళాను.

స్టూడియో పెద్దాయన పెసరగింజను పటమంత చేశాడు. వెండి రేణువులు ఇసుకలా లేచాయి. రెండు రోజులు టచింగ్ బల్ల మీద వంగి కూర్చుని కుంచెతో ఆ ఇసుకను సర్దాడు. వెనక పొగలన్నీ తుడిచి తెల్లగా చేశాడు. స్తంభం తీసేశాడు. “మూతి దగ్గర చెరిగింది బాబూ, సరిచేసేస్తాను” అన్నాడు. సరేనన్నాను. సన్నగా మూసిన పెదవులు గీశాడు. ఆయన చేసింది గొప్ప పని, నాన్న ఆ పటం చూసి మొదటిసారి గట్టిగా ఏడ్చారు. ఆ పటమే ఇప్పటికీ మా సావిట్లో ఉంది.

మరుసటి సంక్రాంతికి కుండ పెట్టాను. నీళ్ళు ఇరవైకి దిగాయి. కొట్టుగదిలో దుప్పటి వేలాడదీసి, రీలు కొసలు పట్టుకుని, అలవాటుగా “కానీ” అన్నాను. బయట పీట లేదు. కాసేపు అలాగే నిలబడి, ఇక నేనే చదవడం మొదలుపెట్టాను. సగం పద్యాలే వచ్చు, వచ్చినవే మళ్ళీ చదివాను. దీపం వేసి చూస్తే నెగటివులు గాజులా పల్చగా ఉన్నాయి. ఆవిడ అర నిమిషం తీసుకునే పద్యాన్ని నేను ఎంత తొందరగా చదివేశానో అప్పుడు తెలిసింది.

తర్వాత కలర్ వచ్చింది. అమలాపురంలోనే ల్యాబులు వెలిశాయి, రీలు ఇస్తే గంటలో అచ్చులు చేతికొచ్చేవి. స్టూడియోలో టచింగ్ బల్ల మీద క్యాలెండర్లు పేర్చారు. పెద్దాయన కళ్ళు పోయి ఇంటి పట్టునే ఉన్నాడు. ఊటీ కర్మాగారం కూడా చివరకు మూతపడింది. నేను ఉద్యోగంలో చేరి, పిల్లలు పుట్టి, కొట్టుగదికి వెళ్ళడం తగ్గింది.

1996 నవంబరు 6న తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి, నిలబడ్డ వాటికి తలలు లేవు. మా కొట్టుగది కప్పు ఎగిరిపోయింది. నెగటివుల రేకుపెట్టె నాలుగు రోజులు నీళ్ళలో ఉంది. తెరిస్తే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్ద. నీళ్ళలో నానబెట్టి విడదీయబోతే జిలెటిన్ పొర వేళ్ళకు అంటుకుని వచ్చేసింది, చిన్నప్పుడు ఆ మే నెలలో లాగే. అచ్చులూ పోయాయి. పంతొమ్మిదేళ్ళ పండగలు అరచేతిలో నల్లటి జిగురైపోయాయి.

1997 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆచారిగారు కబురు పంపారు. ఆయన ఇల్లు కూడా దెబ్బతింది, కానీ తాసుపెట్టె అటక మీద దూలం పక్కన ఉండి తడవలేదట. ఆ పెట్టె అడుగు అరలోంచి, ఎర్రటి పల్చని కాగితంలో, నగలు చుట్టినట్టు చుట్టిన చిన్న అచ్చు తీశారు. రెండుంబావు అంగుళాల చదరం. మంట, పొగలు, అరుగు. పనికి వాడే భూతద్దం నా చేతికిచ్చి, తనూ పక్కన వంగారు.

“అంతా చక్కగా నిలిచింది బాబూ. కొంగు మడత చూడండి, స్తంభం చూడండి. మూతి దగ్గర మాత్రం వెండి నిలవలేదు. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఎందుకో తెలియడం లేదు.”

నేను అద్దం ఇంకాస్త దగ్గరికి జరిపాను.

“పద్యం చదువుతోందండీ” అన్నాను.